“హాల్ల ఉన్ననే అమ్మా”

చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం గేటు దగ్గర ఒక సాయంత్రం టీ తాగుతూ నిలబడ్డాను. పక్కనే ఒక కుర్రాడు ఫోన్లో మాట్లాడుతున్నాడు. చంకలో లావుపాటి పుస్తకం. దానికి పాత పేపరుతో అట్ట వేసుకున్నాడు. “హాల్ల ఉన్ననే అమ్మా. చదువుకుంటున్న. రాత్రికి చేస్త” అన్నాడు. అవతలి తల్లి గొంతు నాకూ వినిపించింది. “ఏ హాల్లరా? ఇయ్యాల పరీక్ష ఉన్నదని చెప్పనే లేదు!” ఆమె గాబరా పడింది. “పరీక్ష కాదే, లైబ్రరీ హాలు” అని నచ్చజెప్పి, ఫోను జేబులో వేసుకుని, గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

గేటు బయట నిలబడి హాల్లో ఉన్నానని చెప్పాడు. దాన్ని అబద్ధం అనడానికి నాకు మనసు రాలేదు. పొద్దున్నే వచ్చి, చీకటి పడ్డాక వెళ్లే పిల్లలకు ఆ గేటూ, ఆ చెట్లూ, ఈ టీ బండీ అన్నీ హాల్లో భాగమే.

అక్కణ్నుంచి ఇంటికి నడిచి వస్తుంటే దారి పొడవునా ఆ మాటే ఎదురైంది. త్యాగరాయ గానసభ ముందు ఆటో దిగిన ఒక పెద్దాయన, “పెద్ద హాలా, మినీ హాలా?” అని ఎవరినో అడుగుతున్నారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు పోయే కుర్రాళ్లు ఏ హాల్లో ఏ సినిమా ఆడుతోందో చెప్పుకుంటున్నారు. ఇల్లు చేరేసరికి మా బంధువులమ్మాయి పెళ్లి కబురు: “హాలు దొరికిందటండీ, ఇక ముహూర్తం చూసుకోవడమే!” అంది మా ఆవిడ. పూర్వం ముహూర్తం చూసుకుని పందిరి వేసేవాళ్లు. ఇప్పుడు హాలు ఖాళీగా ఉన్న రోజున ముహూర్తం ఉందేమో వెతుకుతున్నాం. ఆ కబురు వింటూ నేను చెప్పులు విప్పి కూలబడింది కూడా హాల్లోనే.

ఇన్ని చోట్ల తిరుగుతున్న ఈ ఇంగ్లిషు మాట గురించి ఇవాళ మాట్లాడతాను.

ముందు ఇంటి హాలు. మన ఇళ్లలో ఒకప్పుడు హాలు ఉండేది కాదు. కోస్తాలో అరుగు, వసారా, మండువా. రాయలసీమలో పడసాల. తెలంగాణ పల్లెల్లో సాయబాను, అర్ర. హైదరాబాదు పాత ఇళ్లలో దివాన్‌ఖానా. వచ్చిన మనిషి ఎంత దగ్గరివాడో ఇల్లే చెప్పేది. దారిన పోయేవాడికి అరుగు, తెలిసినవాడికి వసారా, అయినవాడికి నట్టిల్లు. అపార్ట్‌మెంట్ వచ్చాక ఇవన్నీ పోయి ఒక్క హాలు మిగిలింది. కొరియర్ కుర్రాడు తొంగిచూసేదీ అందులోకే, వియ్యంకుణ్ని కూర్చోబెట్టేదీ అందులోనే. టీవీ అక్కడే, తాతగారి మంచం అక్కడే, పిల్లల హోంవర్కూ అక్కడే. రెండు బెడ్‌రూములు, హాలు, కిచెన్ అని లెక్క చెప్పుకునేటప్పుడు నడుమ నిలిచే మాట అది.

మన హాలు ఇంగ్లండుకు వెళితే తప్పిపోతుంది. ఇవాళ అక్కడి ఇంట్లో హాలంటే తలుపు తీయగానే ఎదురయ్యే సన్నటి దారి. కోటూ గొడుగూ తగిలించి లోపలికి నడిచే చోటు. అమెరికాలోనూ అంతే, గదుల మధ్య నడవాను హాలంటారు. కొడుకు దగ్గరికి న్యూజెర్సీ వెళ్లిన తల్లి, “నా కళ్లజోడు హాల్లో ఉంది, తెచ్చిపెట్టు నాన్నా” అంటే, అక్కడే పుట్టిన మనవడు నడవా అంతా వెతికి లేదని వస్తాడు. కళ్లజోడు లివింగ్ రూములో సోఫా మీద ఉంటుంది. ఇద్దరూ చెప్పింది నిజమే.

అయితే ఈ విషయంలో పాతదనానికి దగ్గరగా ఉన్నది మనమే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిషులో హాలంటే ఒక పెద్ద కప్పు. దాని కింద దొర, పరివారం, అతిథులు కలిసి తినేవాళ్లు, పాటలు వినేవాళ్లు, అక్కడే పడుకునేవాళ్లు. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లిషు కావ్యం కథ అలాంటి ఒక హాలు దగ్గరే రాజుకుంటుంది. తర్వాత శతాబ్దాలు గడిచేకొద్దీ కలిగినవాళ్లు భోజనానికి ఒక గది, పడకకు ఒక గది, మాటలకు ఒక గది కట్టుకున్నారు. హాలు కుంచించుకుపోయి గుమ్మం దగ్గరి దారిగా మిగిలింది. మన మూడో అంతస్తు ఫ్లాట్లో మాత్రం అది ఇంకా అందరూ తిని, మాట్లాడి, చుట్టాలొస్తే వరసగా పరుపులు వేసుకుని పడుకునే చోటే.

ఇంకొక సంగతి నాకు చాలా ఇష్టమైనది. మన శాలకూ వాళ్ల హాలుకూ చుట్టరికం ఉందని భాషాశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. సంస్కృతంలో శ ఉన్న కొన్ని చోట్ల ఇంగ్లిషులో హ వినిపిస్తుంది. మన శతం వాళ్ల హండ్రెడ్. మన శ్వానం వాళ్ల హౌండ్. మన శృంగం వాళ్ల హార్న్. ఆ వరసలోనే శాల, హాలు. రెండింటి వెనకా కప్పడం అనే అర్థమున్న ఒకే పాత వేరు ఉందంటారు. అంటే పాఠశాల, పాకశాల, గోశాల అని మనం అనుకుంటూ ఉండగానే, వేల ఏళ్ల కిందట విడిపోయిన ఒక చుట్టం సముద్రం మీద తిరిగి వచ్చి మన పడసాలలో కూర్చుంది. ఆ పడసాలలోనూ సాల ఉంది, గమనించండి.

వచ్చిన చుట్టానికి తెలుగు ఏం చేసింది? చివర ఒక ఉకారం తగిలించింది. బస్సు, కారు, రైలు, హాలు. అంతటితో ఆగలేదు. కాలుకు కాళ్లు, వేలుకు వేళ్లు అన్నట్టుగా హాలుకు హాళ్లు అంది. ఈ మార్పు మన వ్యాకరణానికి కొత్త కాదు, 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం రాసేనాటికే పాతది. అంత పాత సూత్రం కిందికి నిన్నమొన్న వచ్చిన మాటను చేర్చుకుందంటే, తెలుగు దాన్ని ఇంటి మనిషిగా లెక్కపెట్టుకున్నట్టే. స్కూళ్లు, హోటళ్లు, రైళ్లు కూడా ఇలా మనవైపోయినవే.

ఇక్కడ ఒక తేడా వినండి. సినిమా హాళ్లు అంటాం. ఫంక్షన్ హాళ్లు అంటాం. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఉండే అశోక్‌నగర్‌లో కొన్నేళ్లుగా వీధి వీధినా పుట్టుకొచ్చిన చదువు గదులను మాత్రం స్టడీ హాల్స్ అంటున్నాం. స్టడీ హాళ్లు అన్నవాణ్ని నేను ఇంతవరకూ వినలేదు. కొత్తతరం ఇంగ్లిషు చదువే దీనికి కారణం కావచ్చు. నాకు మాత్రం ఇంకో కారణం తోస్తుంది. అది కాసేపాగి చెబుతాను.

సినిమా హాలుది పెద్ద కథేమీ లేదు, అందరికీ తెలిసిందే. సంధ్య, సుదర్శన్, దేవి, సప్తగిరి. నారాయణగూడలో శాంతి, ఒకప్పుడు దీపక్. మొదట టాకీసు అన్నాం, తర్వాత హాలు, ఆ తర్వాత థియేటరు. ఇప్పుడు మల్టీప్లెక్స్‌లో స్క్రీన్ నంబరు చెప్పుకుంటున్నాం. స్క్రీన్ అంటే తెర మాత్రమే గుర్తొస్తుంది. హాలు అన్నప్పుడు నేలా, బాల్కనీ, ఈలలు వేసిన జనం కూడా గుర్తొస్తారు.

బంగారం కొట్లో వినిపించే హాల్‌మార్క్‌లో ఉన్నదీ ఈ హాలే. లండన్‌లో కంసాలుల సంఘానికి గోల్డ్‌స్మిత్స్ హాల్ అని ఒక భవనం ఉంది. బంగారం, వెండి అక్కడికి తీసుకెళ్లి నాణ్యత చూపించి ముద్ర వేయించుకునేవాళ్లు. ఆ హాలు వేసిన ముద్ర కాబట్టి హాల్‌మార్క్. మన దేశంలో 2021 జూన్ నుంచి దాన్ని దశలవారీగా తప్పనిసరి చేశారు. హిమాయత్‌నగర్ వైపు వెళ్లి గాజులు కొనుక్కునే ఆడపడుచుల చేతికి ఆ లండన్ హాలు అలా చేరింది.

ఇక సభల హాలు. ఈ మాట వస్తే నాకు నూరేళ్లు దాటిన ఒక సంఘటన గుర్తొస్తుంది. 1921 నవంబరు. నారాయణగూడకు ఎంతో దూరం లేని వివేకవర్ధిని థియేటర్లో సంఘ సంస్కార సభలు జరుగుతున్నాయి. మహర్షి కార్వే అధ్యక్షులు. వేదిక మీద ఇంగ్లిషులో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు. సభ విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టారు. జనంలో కొందరు చప్పట్లు కొట్టి, గోల చేసి ఆయన్ని మాట్లాడనివ్వలేదు. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు రాజధానిలోని ఒక హాల్లో పది నిమిషాల చోటు లేకపోయింది.

ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. హాల్లో జరిగిన అవమానానికి ఒక ఇంట్లో జవాబు పుట్టింది. అప్పటికి ఇరవై ఏళ్ల ముందే, 1901లో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం వెలిసింది. జనసంఘం వచ్చాక ఊరూరా గ్రంథాలయాలు పెట్టే పని ఊపందుకుంది. అవి సుఖంగా సాగిన రోజులు కావు. సభ జరపాలంటే సర్కారు అనుమతి ఉండాలన్న గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న కాలం. అందుకే చదువుకునే చోటే సభ జరుపుకునే చోటు కూడా అయింది. ఆ కథనంతా ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’లో రాసిపెట్టిన మాడపాటి హనుమంతరావు గారే 1928లో నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల కోసం బడి నిలబెట్టారు. 1951లో ఆయన హైదరాబాదు నగరానికి మేయరయ్యారు.

ఇప్పుడు త్యాగరాయ గానసభకు వెళ్లండి. కచేరీ, హరికథ, నాటకం, పుస్తకావిష్కరణ, శతావధానం, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. ఆహ్వానపత్రంలో అచ్చయ్యేది వేదిక. చిన్న హాలుకు కళా సుబ్బారావు కళావేదిక అనే మంచి పేరుంది. మాటల్లోకి వచ్చేసరికి అందరికీ అది మినీ హాలు. నేనక్కడ ఎన్నోసార్లు పాతికమంది కూడా లేని సభల్లో కూర్చున్నాను. ఒక పద్యం బాగా కుదిరితే ఆ పాతికమందీ ఆహా అనే తీరు చూశాను. 1921లో చప్పట్లతో నోరు మూయించారు. ఇక్కడ అవే చప్పట్లు ఇంకో పద్యం చదవమని అడుగుతాయి. హాలు ఇంగ్లిషు మాటే, ఉండనివ్వండి. అందులో తెలుగుకు మైకు దొరికింది.

ఇక అశోక్‌నగర్‌కు వస్తాను. హాలు అనే మాటకు ఇక్కడున్న బరువు నేను ఇంకెక్కడా చూడలేదు.

సినిమా హాలుకు వెళ్లాలంటే టికెట్ కావాలి. పరీక్షకు వెళ్లాలంటే హాల్ టికెట్ కావాలి. మాటలు రెండూ అవే. పక్కపక్కన చేరేసరికి గుండె వేగం మారిపోతుంది. యూపీఎస్సీ దాన్ని అడ్మిట్ కార్డు అంటుంది. ఒకే గదిలో ఉంటూ సివిల్స్‌కు చదివేవాడు అడ్మిట్ కార్డు వచ్చిందంటాడు, గ్రూప్స్‌కు చదివేవాడు హాల్ టికెట్ వచ్చిందంటాడు. తెలుగు ఇళ్లలో పాతుకుపోయింది రెండోదే. పదో తరగతి నుంచి మనకు అంటుకున్న మాట అది. మా రోజుల్లో ఫలితాలు పేపర్లో నంబర్లుగా పడేవి. ఊళ్లో ఒక్క పేపరు, దాని చుట్టూ ఇరవైమంది. “నీ హాల్ టికెట్ నంబరెంతరా?” అని పెద్దలు అడిగితే, పేరు మరిచినా ఆ నంబరు మరిచేవాళ్లం కాదు. ఇప్పటికీ దాన్ని దేవుడి పటం ముందు పెట్టి తీసే ఇళ్లున్నాయి. కుంకుమ ఫొటో మీద పడకుండా, నంబరు చెరగకుండా, ఆ తల్లులు ఎంత జాగ్రత్తగా పెడతారో!

హాల్ టికెట్లు రిలీజ్ అయ్యాయన్న కబురు వస్తే అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల ముందు వరసలు కడతారు. ఒకటి చాలదు, రెండు తీయమంటారు. ఫొటో మసకగా ఉందా, సంతకం కనిపిస్తోందా అని వెలుతురులోకి ఎత్తి చూసుకుంటారు. ఏ సెంటర్ పడింది, గేటు ఎన్నింటికి మూస్తారు, బూట్లు వద్దు చెప్పులతోనే రావాలన్నారు కదా, ఆ మాటలే ఆ రాత్రంతా.

ఒక్క గ్రూప్-1 సంగతే చూడండి. తెలంగాణ వచ్చాక తొలి ప్రకటన 2022 ఏప్రిల్‌లో వచ్చింది. 503 పోస్టులు. ప్రిలిమ్స్ 2022 అక్టోబరు 16న జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని తేలి 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకోకపోవడం వంటి లోపాలు చూపి హైకోర్టు సెప్టెంబరులో దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటన తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. మెయిన్స్ అక్టోబరు 21 నుంచి 27 వరకు. ఆ రోజుల్లో అశోక్‌నగర్ రోడ్ల మీద పిల్లలు బైఠాయించడం మీలో చాలామంది చూసే ఉంటారు.

తేదీలుగా చదివితే ఇది నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి నాకు ఒక ప్లాస్టిక్ ఫోల్డరు తెరిచి చూపించింది. అందులో మూడు హాల్ టికెట్లు. మొదటి రెండింటి మీదా ఒకే ఫొటో, ఎందుకంటే దరఖాస్తు ఒక్కటే. రెండు జడలు కాకపోయినా ఇంకా కాలేజీ పిల్లలాగే ఉంది. మూడో దాని మీద కొత్త ఫొటో. కళ్లజోడు వచ్చింది. చెంపలు లోపలికి పోయాయి. “ఎందుకమ్మా పాతవి దాచావు?” అన్నాను. “పారేయబుద్ధి కాలేదు సార్. ఆ రెండు రోజులు కూడ నేను మంచిగనే రాసిన” అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల గొంతులో కోపం లేదు. నాకే ఏం మాట్లాడాలో తెలియలేదు. హాల్లోకి వెళ్లనిచ్చే చీటీ అది. ఆ పిల్ల మూడుసార్లు హాల్లోకి వెళ్లింది. రెండుసార్లు ఆ హాలే లేనట్టయింది.

ఇప్పుడు స్టడీ హాల్స్ సంగతి. నెలకింత అని డబ్బు కడితే ఒక సీటు ఇస్తారు. మూడు వైపులా చెక్క, ఒక దీపం, ఒక ప్లగ్గు, మీద ఒక నంబరు. పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. మాట్లాడరాదని గోడ మీద రాసి ఉంటుంది. గదిలో నలుగురుండే పిల్లలకు ఆ నిశ్శబ్దం ఎంత అవసరమో నాకు తెలుసు. వాటిని నడిపేవాళ్లను తప్పుపట్టను. కానీ ఒకే కప్పు కింద వందమంది కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూడకుండా వెళ్లిపోయే హాలు ఇదొక్కటే. సినిమా హాల్లో పక్కవాడి నవ్వు వినిపిస్తుంది. పెళ్లి హాల్లో పంక్తిలో కూర్చుంటాం. గానసభలో వెనక వరస నుంచి ఆహా అంటారు. ఇక్కడ చెక్క మాత్రమే ఉంది. వాటికి హాళ్లు అని మన బహువచనం ఇవ్వడానికి తెలుగు నోరు తటపటాయించింది ఇందుకేనేమో అని నా ఊహ.

గ్రంథాలయం హాల్లో పొడుగు బల్లలు ఉన్నాయి. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. ఒకరు ఆర్థికశాస్త్రం, ఎదుటివారు తెలంగాణ చరిత్ర. సందేహం వస్తే కళ్లతోనే సైగ చేసి, బయట చెట్టు కిందికి వెళ్లి మాట్లాడుకుని వస్తారు. చోటు చాలని రోజు ఆవరణలో, మెట్ల మీద కూర్చుంటారు. సీటుకు డబ్బు కట్టక్కర్లేదు. కట్టేది మనం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం వల్ల ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద పోతుంది. మీ ఇంట్లో హాలుంటే, ఆ హాలుకు కట్టే పన్నులో కొంత ఈ హాలుకు చేరాలి. ప్రతి పైసా చేరాలనీ, ఇంకా బల్లలు పడాలనీ, ఆడపిల్లలు రాత్రి తొమ్మిదింటికి భయం లేకుండా ఇక్కణ్నుంచి గదికి వెళ్లే వెలుతురు ఉండాలనీ నేను గట్టిగా కోరుకుంటున్నాను. దీని కోసం మనం అడగాలి, అడుగుతూనే ఉండాలి.

మొదట్లో చెప్పిన ఆ ఫోన్ కుర్రాడు తర్వాత నాకు పరిచయమయ్యాడు. సంక్రాంతికి ముందు వాళ్ల నాన్న ఊరి నుంచి బియ్యం సంచీ, సకినాల డబ్బా పట్టుకుని వచ్చారట. గదిలో మూడు మంచాలు. మధ్యలో మనిషి పట్టే సందు. రూమ్మేట్లు రాత్రంతా చదివి పడుకుని ఉన్నారు. తండ్రిని కూర్చోబెట్టడానికి చోటు లేదు. సంచీ గుమ్మం పక్కన పెట్టేసి, “దా నాయినా” అని ఆయన్ని గ్రంథాలయానికి తీసుకొచ్చాడు. చెట్టు కింద కూర్చోబెట్టి టీ తాగించాడు. తర్వాత లోపలికి తీసుకెళ్లి తను కూర్చునే చోటు చూపించాడు.

ఆ పెద్దాయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచారట. అక్కర్లేదు నాయినా, అందరూ వేసుకునే ఉన్నరు అన్నా వినలేదట. కొడుకు కుర్చీలో కాసేపు కూర్చుని, బల్ల మీద అరచేయి ఆనించి, అటూ ఇటూ చదువుకుంటున్న పిల్లలను చూసి, మెల్లగా అడిగారట, “వీళ్లందరు తిన్నరా?” అని.